బేస్తవారం విజిటింగు మానేసిన అక్క

పదకొండు బేస్తవారాలు ఆమె పేరు ఎదురుగా ఏమీ రాసి లేదు. మా చర్చి సంఘంలో స్త్రీల సమాజం వాళ్లు వారానికోసారి ప్రార్థనకు ఇళ్లకు వెళ్లొచ్చి రాసే రిజిస్టరు అది. నెలాఖరున దాని కింద సంఘ కాపరిగా సంతకం పెట్టేది నేనే. అంటే రెండు నెలలు ఆ ఖాళీ కింద సంతకం పెట్టి, మూడో నెలలో గాని నేను గమనించలేదన్నమాట. నా చూపు ఎంత చురుకైనదో ముందే ఒప్పుకుంటే, తర్వాత రాసేది మీరు సరిగ్గా తూకం వేసుకుంటారు.

ఊరు పేరు రాయను. ప్రకాశం జిల్లాలో కొండపికీ టంగుటూరుకీ మధ్య ఉన్న పొగాకు పల్లెల్లో ఒకటి. ఆమె పేరూ రాయను. సంఘంలో చిన్నా పెద్దా అందరూ అక్క అనే పిలుస్తారు, ఇక్కడా అంతే. ఇది రాశాక ఆమెకు రెండుసార్లు చదివి వినిపించాను. తీసేయమన్న రెండు సంగతులు తీసేశాను.

అక్కకు 52 ఏళ్లు. ఏడో తరగతి దాకా చదివింది. సీజనులో పొగాకు గ్రేడింగుకు పోతుంది, మిగతా రోజుల్లో మిరపకాయల కోతకో ఉపాధి హామీ పనికో. భర్త ఆరేళ్ల కిందట గుండె జబ్బుతో ఒంగోలులో ఆసుపత్రిలో చనిపోయాడు. కూతుళ్లిద్దరికీ పెళ్లిళ్లయ్యాయి. పద్నాలుగేళ్లుగా బేస్తవారం పొద్దు వాలేసరికి బైబిలు, కీర్తనల పుస్తకం గుడ్డసంచిలో పెట్టుకుని ఇంకో ఇద్దరితో ఇళ్లకు బయల్దేరేది. మంచి గొంతు. మాట తక్కువ. ఏ ఇంట్లో కష్టం వచ్చినా ముందు ఆమెనే పంపేవాళ్లం. "ఆయన నీ పక్కనే ఉన్నాడమ్మా, నిన్ను వదిలిపెట్టడు." ప్రతి ఇంట్లో ఇదే మాట చెప్పేది. ఆ గొంతులో వింటే చాలనిపించేది.

అలాంటి మనిషి మానేసింది. ఆదివారం ఆరాధనకు వస్తుంది, పాడుతుంది, కానుక వేస్తుంది. బేస్తవారం మాత్రం లేదు. అడిగితే మోకాళ్ల నొప్పులంది. పొద్దస్తమానం ఆకు ముందు కూర్చునే మనిషికి మోకాళ్ల నొప్పులు ఉండవా? నమ్మేశాను.

అసలు సంగతి ఆమెతోపాటు వెళ్లిన ఒకావిడ ద్వారా తెలిసింది. ఊళ్లోకి, అంటే మా కాలనీ దాటి పెద్దవీధిలోకి వెళ్లారు. ఆ ఇంటి పెద్దావిడకు పాటలంటే ఇష్టం, అప్పుడప్పుడు కబురు పెడుతుంది. వసారాలో కూర్చుని ఒక కీర్తన పాడారు. పెద్దావిడ మనవడు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఆ రోజుల్లో ఇంటినుంచే పని. గదిలోంచి వచ్చి గడప మీద నిలబడి విన్నాడు. పాట అయ్యాక అక్క మామూలుగా తన మాట చెప్పింది. అప్పుడు అడిగాడట: "నువ్వు మా పొగాకు పనికి వస్తావు, నాకు చిన్నప్పట్నుంచి తెలుసు. ఒకటి అడుగుతా, ఏమనుకోవద్దు. మీ ఆయన పోయిన రాత్రి కూడా మీ దేవుడు పక్కనే ఉన్నాడా? ఉంటే ఏం చేస్తున్నాడు?"

గట్టిగా అనలేదట, వెటకారమూ లేదట. అక్క నోరు తెరిచేలోపే పక్కనున్నావిడ అందుకుంది: "అంతా దేవుని చిత్తం బాబూ, ఆయన పిలుచుకున్నాడు." అక్క లేచి సంచి భుజాన వేసుకుని వచ్చేసింది.

నాకు ఇది చెప్పింది ఆ పక్కనున్నావిడే. "మంచి జవాబే చెప్పాను కదా అయ్యగారూ, అయినా ఎందుకు అలిగిందో" అంది. నేనూ తలూపాను.

ఇలాంటివి మొదటిసారి కాదు. ఇళ్లకు వెళ్లేవాళ్లను ఎవరో ఒకరు ఏదో ఒకటి అంటారు. ఎస్సీ సర్టిఫికెట్ మీద ఒక మతం, చర్చికి ఇంకోటా అని అంటారు. అమెరికా డబ్బులెంత వస్తాయని అడుగుతారు. వాటికి మావాళ్లు రాటుదేలిపోయారు. కాబట్టి నా లెక్క సూటిగా ఉంది: ప్రశ్నకు జవాబు తెలియక అవమానపడింది, జవాబు నేర్పితే ధైర్యం వస్తుంది. మూడు శనివారాలు క్లాసు పెట్టాను. లోకంలో శ్రమలు ఎందుకు ఉన్నాయి, యోబు స్నేహితుల తప్పేమిటి, లాజరు సమాధి దగ్గర ప్రభువు ఎందుకు ఏడ్చాడు. రెండు పేజీల నోట్సు జిరాక్సు తీయించి ఇచ్చాను. అక్క అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పింది. ఆ బేస్తవారం రాలేదు.

తర్వాత ఇంకా పెద్ద తప్పు చేశాను. ఆదివారం సాక్ష్యం చెప్పమన్నాను. చెప్పింది, ఏడ్చింది, సంఘమంతా స్తోత్రం అంది. సభ ముందు ఒక్కసారి నోరు విప్పితే భయం వదులుతుందని నా ఊహ. ఆ వారం నుంచి ఆదివారం కూడా వెనక వరసలో, గుమ్మం పక్కన కూర్చోవడం మొదలుపెట్టింది.

ఇక్కడ ఒక పక్కమాట. ఒక మనిషి అలవాటైన పని ఉన్నట్టుండి మానేస్తే, అది విశ్వాసపు సంగతే అని తీర్మానించుకోకముందు నిద్ర, తిండి, పని గురించి అడగాలి. చావు ఆలోచనలు వస్తున్నాయా అని కూడా, మొహమాటం లేకుండా. మా ఆవిడ అడిగింది. అలాంటిదేమీ లేదు, పనికి పోతోంది, తింటోంది. ఉండి ఉంటే మొదటి అడుగు డాక్టరు దగ్గరికే పడాలి. ప్రార్థన చేస్తూనే తీసుకుపోవచ్చు.

ఫిబ్రవరి నెలాఖరులో బ్యారన్ దగ్గర కేసు మలుపు తిరిగింది.

పొగాకు తెలియనివాళ్ల కోసం కాస్త చెప్పాలి. బ్యారన్ అంటే పొగాకును వేడితో ఆరబెట్టే కొట్టు. పచ్చి ఆకు కట్టిన కర్రలను దాని లోపల అంతస్తులుగా వేలాడదీస్తారు. బయట పొయ్యి, లోపల నేలమీదుగా ఇనుప గొట్టాలు. పొగ ఆకుకు తగలదు, గొట్టాల వేడే తగులుతుంది. మొదట 95, 100 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర నిలబెట్టి ఆకును పసుపు తిరగనివ్వాలి. తర్వాత కొద్దికొద్దిగా పెంచుకుంటూ, చివరికి ఈనె ఆరడానికి 160 దాకా తీసుకెళ్లాలి. మొత్తం ఐదారు రోజులు. తొందరపడి వేడి పెంచితే ఆకు పచ్చగానే బిగుసుకుపోతుంది. కునుకు తీస్తే వేడి పడిపోయి ఆకు నల్లబడుతుంది. అందుకని రాత్రంతా ఒక మనిషి ఉండాలి. పెద్ద పనేమీ ఉండదు. గంటకోసారి చిన్న అద్దంలోంచి టార్చి వేసి థర్మామీటరు చూడటం, ఒక మొద్దు తొయ్యడం.

అక్క తమ్ముడు ఆ ఏడు ఒక బ్యారన్ లీజుకు తీసుకున్నాడు. రెండో రాత్రి అతనికి జ్వరం తగిలింది. ప్రార్థన చెయ్యడానికి నేనూ మా ఆవిడా వాళ్లింటికి వెళితే, బ్యారన్ దగ్గర అక్క ఒక్కతే ఉందన్నారు. ఇద్దరం అటే వెళ్లాం. పొయ్యికి ఎదురుగా గోనెపట్టా వేసుకుని కూర్చుని ఉంది. "వందనాలు అయ్యగారూ, అమ్మగారూ, ఇట్టా రండి, అటు పొగ వచ్చిద్ది" అని జరిగి చోటిచ్చింది.

కాసేపు తమ్ముడి జ్వరం గురించి, వేలంలో ధరల గురించి మాట్లాడుకున్నాం. లేచి టార్చి వేసి చూసొచ్చింది. ఒక సరుగుడు మొద్దు పొయ్యిలోకి తోసింది. కూర్చుని, పొయ్యి వైపే చూస్తూ అంది:

"అయ్యగారూ, ఒకటి అడుగుతా. ఆ రాత్రి మీరెక్కడున్నారు?"

ఏ రాత్రి అని నేను అడగలేదు. అడగాల్సిన అవసరం లేదు. ఆ రాత్రి నేను నెల్లూరులో మహాసభల్లో ఉన్నాను. రాత్రి కూటంలో ఫోను ఆపేశాను, తర్వాత ఆన్ చెయ్యడం మర్చిపోయి పడుకున్నాను. తెల్లారి చూస్తే ఏడు మిస్డ్ కాల్స్. అప్పటికి అంతా అయిపోయింది. సాయంత్రానికల్లా వచ్చి సమాధి కార్యక్రమం జరిపించాను, మంచి వాక్యమే చెప్పాను. ఆ ఏడు కాల్స్ సంగతి ఆరేళ్లలో ఆమె ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

చెప్పాను. ఉన్నదున్నట్టు. క్షమించమ్మా అన్నాను.

"మిమ్మల్ని అనడం కాదు అయ్యగారూ" అంది. చాలాసేపు ఊరుకుంది. "ఐసీయూ బయట బెంచీ మీద నేనొక్కదాన్నే. పెద్దల్లుడు రక్తం కోసం పోయాడు. ప్రార్థన చేద్దామంటే మాట రాలేదు. పాట కూడా రాలేదు. నాకు ఎవరూ పక్కనున్నట్టు లేదు. ఎవరూ. ఆ తర్వాత ఇన్నేళ్లూ ఇంటింటికీ పోయి పక్కనే ఉన్నాడు, పక్కనే ఉన్నాడు అని చెప్తానే ఉన్నా. ఆ పిలగాడు అడిగేసరికి దొరికిపోయినట్టయింది."

అంతకుముందు నేను వేసిన లెక్క మొత్తం తప్పు. ఆమెకు జవాబు తెలియక కాదు. తాను అనుభవించని మాటను ఊరంతా పంచుతున్నానన్న సిగ్గు ఆమెది. దాని మీద నేను రెండు పేజీల జిరాక్సు పరిచాను. పైగా ఆమె "ఎవరూ" అన్నదాంట్లో నేనూ ఉన్నాను. వెళ్లాల్సిన చోటికి వెళ్లని మనిషి తర్వాత బోధ ఎక్కువ చేస్తాడు, అది నాలో నేను చూసుకున్నాను.

ఆ రాత్రి వాక్యం ఏదీ ఎత్తలేదు. తెల్లవారుజామున నాలుగింటిదాకా ఉన్నాం. మా ఆవిడ రెండుసార్లు మొద్దు తోసింది, ఒకసారి ఎక్కువ తోసి తిట్లు తింది.

తర్వాత నాలుగు సోమవారాలు అక్క, మా ఆవిడ, నేను కూర్చుని మత్తయి సువార్త చివరి ఐదు వచనాలు మాత్రమే చదివాం. తిరిగి లేచిన యేసు కొండ మీద శిష్యులను కలిసి, వెళ్లి అందరినీ శిష్యులుగా చెయ్యమన్న ఆజ్ఞ అందరికీ కంఠతా వచ్చు. దానికి ముందున్న 17వ వచనం దగ్గర అక్క ఆగింది: "వారు ఆయనను చూచి ఆయనకు మ్రొక్కిరి గాని, కొందరు సందేహించిరి."

"ఈ మాట ఇక్కడుందా?" అంది.

ఉంది. ఇరవై రెండేళ్ల పరిచర్యలో ఆ సగం వచనం మీద నేను ఒక్క ప్రసంగం చెయ్యలేదు. సందేహించినవాళ్లను పక్కన నిలబెట్టి మిగతావాళ్లకే చెప్పలేదు ప్రభువు. అదే కొండ మీద, అదే గుంపుకు, అందరికీ కలిపి "మీతో కూడ ఉన్నాను" అన్నాడు. నీ సందేహం తీరాక ఉంటాను అన్న షరతు లేదు. చూపిస్తాను, అనిపించేలా చేస్తాను అన్న మాట కూడా అక్కడ లేదు. ఉన్నాను అన్నది మాత్రమే ఉంది. అక్క పద్నాలుగేళ్లుగా ఇళ్లలో చెప్పిన మాటలో ఆమెకు తెలియకుండానే ఇంకోటి కలిసిపోయింది: ఆయన ఉన్నాడు, నీకు తెలుస్తుంది, నెమ్మది వస్తుంది. మొదటిది ఆయన మాట. మిగతా రెండూ మనం కలుపుకున్నవి. అవి చాలాసార్లు జరుగుతాయి, కాదనను. జరగని రాత్రి మాత్రం మొదటిదాన్ని కూడా లాక్కుపోతాయి.

ఇంకొకటి. మన బైబిల్లో "సదాకాలము" అని ఉన్నచోట గ్రీకు మూలంలో ఉన్నది "అన్ని దినములు" అన్న అర్థమిచ్చే మాట. సెమినరీలో నేర్చుకున్న గ్రీకులో చాలా భాగం మర్చిపోయాను, ఇది మిగిలింది. చెబితే అక్క వెంటనే అడిగింది: "అయితే ఆ రోజు కూడా లెక్కలోకి వచ్చిద్దా?"

వచ్చిద్దమ్మా అన్నాను. రుజువు చెయ్యలేనని కూడా అన్నాను.

పౌలు ఆఖరి ఉత్తరమని చెప్పుకునే రెండవ తిమోతి పత్రిక కూడా చదివాం. న్యాయస్థానంలో "అందరు నన్ను విడిచిపోయిరి" అంటాడు, వెంటనే "ప్రభువు నా ప్రక్క నిలిచి" అంటాడు. రెండూ ఒకే మనిషి నోట, ఒకే ఊపిరిలో. మొదటిది నిజం కాదని సర్దిచెప్పడు. కొరింథులో కూడా అంతే. "బలహీనతతోను భయముతోను ఎంతో వణకుతోను" అక్కడ ఉన్నానని తానే రాసుకున్నాడు. భయపడక మాట్లాడు, నేను నీకు తోడున్నాను అని ప్రభువు రాత్రి దర్శనంలో చెప్పింది ఆ ఊళ్లోనే. ఆ తర్వాత ఏడాదిన్నర అక్కడే ఉన్నాడు. వణుకు తగ్గిందో లేదో రాయలేదు.

అక్క విషయంలో ఆ రాత్రి సంగతి తేలలేదు. తర్వాత గుర్తుకొచ్చిన అద్భుతం ఏదీ లేదు. బెంచీ ఖాళీగానే ఉంది. ఇలాంటి కేసులు రాసేటప్పుడు చివర్లో ఏదో ఒకటి కనబడితే బాగుండునని రాసేవాడికి ఉంటుంది. నాకూ ఉండింది. కనబడలేదు కాబట్టి రాయడం లేదు.

మూడో సోమవారం ఆమె అడిగిన ఇంకో ప్రశ్న నన్ను రిజిస్టరు దగ్గరికి తెచ్చింది. "పద్నాలుగేళ్లలో నావల్ల ఎంతమంది బాప్తిస్మం తీసుకున్నారు అయ్యగారూ?" ఆ రిజిస్టరులో ఐదు గడులు ఉండేవి: తేదీ, ఇల్లు, వెళ్లినవాళ్లు, విన్నవాళ్ల సంఖ్య, యేసును నమ్ముతామని తీర్మానం చేసుకున్నవాళ్ల సంఖ్య. ఆఖరి గడిలో అక్క పేరు మీద అన్నీ సున్నాలే. ప్రతి నెలా నేను సంతకం పెట్టినవే.

మా జిల్లాలో ఇది మామూలు భారం కాదు. ఇక్కడి ప్రతి సేవకుడి నెత్తి మీద ఒక అంకె కూర్చుని ఉంటుంది: 2,222. 1878 జులై 3న ఒంగోలుకు ఉత్తరాన వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే అంతమందికి బాప్తిస్మం జరిగింది. సండేస్కూలు పిల్లల్ని అడిగినా చెబుతారు. ఆ అంకెకు ముందు ఏం జరిగిందో మాత్రం పెద్దవాళ్లకు కూడా అంతగా గుర్తుండదు. ధాత కరువు. 1876 నుంచి 78 దాకా జనం ఆకలికి రాలిపోతుంటే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడు మైళ్ల పైచిలుకు కాంట్రాక్టు తీసుకుని పని పెట్టాడు. తెలుగు బోధకులే మేస్త్రీలు. పగలు తవ్వేవాళ్ల పక్కన నిలబడేవారు, విరామంలో వాళ్లతోనే కూర్చునేవారు. తిండి కోసం చేరుతున్నారన్న మాట రాకూడదని ఏడాదికి పైగా ఒక్క బాప్తిస్మం కూడా ఇవ్వలేదు. ఆ నెలల రిజిస్టరు మా పద్ధతిలో రాస్తే ఆఖరి గడి నిండా సున్నాలు. జులై 3న కూడా దొర నీళ్లలోకి దిగలేదు. ఆరుగురు తెలుగు పాస్టర్లు ఇద్దరిద్దరు చొప్పున వంతులు మార్చుకుంటూ ఇచ్చారు.

ఇంకా వెనక్కి వెళితే 1854 జనవరి 1. నెల్లూరు మిషను మూసేద్దామా అని అంతకు ముందు సంవత్సరమే అమెరికాలో చర్చ జరిగింది. ఆ తెల్లవారుజామున ఆ మిషనుకు చెందిన జెవెట్ దంపతులు, వారితో కొద్దిమంది తెలుగు విశ్వాసులు ఒంగోలులో ఒక కొండెక్కి ప్రార్థన చేశారు. ఇప్పుడు మేము ప్రార్థన కొండ అంటున్నది అదే. చేతి వేళ్లతో లెక్కపెట్టగలిగే జనం. క్లౌ దొర ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో. మధ్యలో పన్నెండేళ్లు. అక్క ఇళ్లకు తిరిగింది పద్నాలుగేళ్లు, అని లెక్క చెప్పాను. "అయితే నాకు రెండేళ్లు ఎక్కువే" అని నవ్వింది. బ్యారన్ రాత్రి తర్వాత ఆమె నవ్వడం అదే మొదలు.

ఆఖరి రెండు గడులు తీసేద్దామని కమిటీలో పెట్టాను. ఒక పెద్దాయన లేచి, అంకెలు లేకపోతే బద్ధకం పెరుగుతుంది అయ్యగారూ, 2,222 మంది అంకె కాదా అన్నాడు. ఆయన మాటలో సగం నిజముందని తర్వాత తెలిసింది. గడులు తీసేశాక ఇద్దరు వెళ్లడం మానేశారు. లెక్కపెట్టేవాళ్లు లేకపోతే వాళ్లకు వెళ్లాలనిపించలేదు. దానికి నా దగ్గర మందు లేదు. అయినా గడులు మళ్లీ పెట్టలేదు. వాటి స్థానంలో ఒకే గడి ఉంది: ఎంతసేపు ఉన్నారు.

రెండో మార్పు జంటల విషయంలో. ప్రభువు శిష్యుల్ని ఇద్దరిద్దరిని పంపింది తాను వెళ్లబోయే చోట్లకే అని లూకా రాశాడు. మా జంటల్లో ఒకరు మాట్లాడతారు, రెండోవారి పని పక్కన ఉండటమే. మొదటివారికి మాట తడబడితే రెండోవారు అందుకోకూడదు. ఎంతసేపైనా సరే. "అంతా దేవుని చిత్తం" అన్న మాట తనను ఆ పిల్లవాడి ప్రశ్నకంటే ఎక్కువ కోసిందని అక్క రెండో సోమవారం చెప్పింది. అన్నావిడ చెడ్డది కాదు. ఖాళీని చూసి భయపడింది, ఏదో ఒకటి పెట్టి మూసేసింది. నేను జిరాక్సుతో చేసిందీ అదే.

మిగతా నియమాలు పాతవే, పలకరించి పోతాను. రమ్మంటేనే వెళ్లాలి, వద్దంటే నమస్కారం పెట్టి రావాలి. పని జరిగేచోట, కూలి తీసుకునేచోట సువార్త ప్రకటన వద్దు. రోగి మంచం దగ్గర బాగవుతుందని మాట ఇవ్వకూడదు, మందులు మానమని పొరపాటున కూడా అనకూడదు. పెద్దవాళ్లు లేకుండా పిల్లలకు చెప్పకూడదు. అక్క లాంటి కూలి మనిషి ఊళ్లోకి వెళ్లినప్పుడు ఏదైనా తేడా వస్తే పోయేది ఆమె కూలి పనే అన్నది పంపేవాడు మర్చిపోకూడదు. నేను మర్చిపోయాను.

ఏప్రిల్ రెండో బేస్తవారం అక్క వచ్చింది. భయం పోయిందా అని ఎవరో అడిగారు. పోలేదంది. జంటగా వెళ్లిన మా ఆవిడ చెప్పింది: మొదటి ఇంటి గేటు దగ్గర కీర్తనల పుస్తకం పట్టుకున్న చెయ్యి వణుకుతూనే ఉందట, రెండు చరణాలయ్యాక గాని కుదుటపడలేదట. ఆ ఇంట్లో కోడలికి గర్భం పోయింది. అక్క తన పాత మాట చెప్పలేదు. "ఆయన ఉంటానన్నాడమ్మా. నాకు మా ఆయన పోయిన రాత్రి అట్టా అనిపించలేదు. ఆయన మాటే పట్టుకుని ఉన్నా" అంది. ఆ పిల్ల ఏమీ అనలేదు. మంచినీళ్లు ఇచ్చింది. వీళ్లు లేవబోతే ఇంకాసేపు కూర్చోమంది. గడిలో రాసింది: గంటా ఇరవై నిమిషాలు.

తిరిగొచ్చేటప్పుడు మా ఆవిడతో అందట: "ముందైతే దేవుణ్ణి తట్టలో పెట్టి నెత్తినెత్తుకుని అమ్మబోయినట్టుండేది. ఎవరూ కొనకపోతే తట్ట బరువంతా నాదే. ఇప్పుడు తట్ట లేదు, చేతులూపుకుంటా పోతన్నా."

ఇక ఆ సాఫ్ట్‌వేర్ అబ్బాయి. మే నెలలో వాళ్లింట్లోనే గ్రేడింగు పని. ఆకు మండె ముందు అక్క కూర్చుని ఉంటే అతను టీ గ్లాసుతో అటు వచ్చాడు. పనిచోట ప్రకటన వద్దన్నది మా నియమమే. అక్క ప్రకటించలేదు, బాకీ తీర్చింది. "బాబూ, నువ్వు అడిగినదానికి నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి నాకూ ఎవరూ కనబడలేదు" అంది.

అతను కాస్త తడబడ్డాడట. "నేను నిన్ను బాధపెట్టాలని అడగలేదు" అన్నాడు.

"తెలుసు. ఆ రాత్రి గురించి నన్నడిగింది నువ్వొక్కడివే. ఆరేళ్లలో మావాళ్లెవరూ అడగలేదు."

గ్లాసు కింద పెట్టి పక్కన గోనెపట్టా మీద కూర్చున్నాడు. తన తండ్రి కోవిడ్‌లో పోయిన సంగతి చెప్పాడట, లోపలికి రానివ్వలేదని, ఫోనులో చూపించారని. అక్క చేతిలోని ఆకు పక్కన పెట్టింది. అంతకు మించి ఆమె నాకు చెప్పలేదు, నేను అడగలేదు.

ఈ మాట నాకు చేరినప్పుడు నా మొదటి ఆలోచన ఇది: ఆ పిల్లవాడు మొదటిరోజు అడిగింది ఆమె గురించి కాదు. రెండు పేజీల జిరాక్సు అతని చేతికి ఇచ్చినా అదే అయ్యేది.

అతను విశ్వాసిగా మారలేదు. ఈ రాసే నాటికి చర్చి మెట్లు ఎక్కలేదు, ఎక్కుతాడో లేదో తెలియదు. జులైలో ఆఫీసు రమ్మంటే హైదరాబాదు వెళ్లిపోయాడు. వెళ్లేముందు అక్క కీర్తనల పుస్తకం చివరి అట్ట మీద తన నంబరు రాసిచ్చాడు. "నానమ్మకు ఏమన్నా అయితే నాకు చెయ్యి. ఎంత రాత్రైనా సరే." బేస్తవారాల్లో అక్క మా ఆవిడతో కలిసి అక్కడికి వెళుతోంది. పెద్దావిడకు చూపు తగ్గింది, పాటలు అలాగే అడుగుతుంది, మధ్యలో నిద్రపోతుంది. ఆ ఇంటి గడిలో అన్నిటికంటే ఎక్కువ సమయం ఉంటుంది.

నేను రాత్రిళ్లు ఫోను ఆపడం మానేశాను. మహాసభలకు వెళ్లినా సరే. పోయిన నెల ఒకసారి మోగింది, రెండున్నరకు. చెప్పులు వేసుకుంటూనే ఎత్తాను. రాంగ్ నంబరు. మార్కాపురం నుంచి ఎవరో, లారీ ఎక్కడిదాకా వచ్చిందని అడిగాడు.